ఉదయగిరి దుర్గం గుంపుగా ఎక్కినవాళ్ళు కాస్త చెప్పండి

కావలి కుర్రోడు:
అందరికీ నమస్తే. మా ఆఫీసు వాళ్ళం ఇరవై మంది దాకా సంక్రాంతి అయ్యాక వచ్చే శని, ఆదివారాల్లో ఉదయగిరి దుర్గం ఎక్కుదామనుకుంటున్నాం. నెల్లూరు నుంచి మినీ బస్సు మాట్లాడుకున్నాం. మాలో రోజూ జిమ్‌కి పోయేవాళ్ళున్నారు, లిఫ్ట్ పనిచేయకపోతే సెలవు పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కూడా తెస్తామంటున్నారు. కొందరైతే రాత్రికి పైనే టెంట్లు వేసుకుని పడుకుందామని ఒకటే పట్టు. వీడియోల్లో చూస్తే అందరూ శిఖరం మీద చేతులు చాపి నిలబడేదే చూపిస్తారు, మధ్యలో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు. ఎక్కినవాళ్ళు చెబితే మేలు.

దుత్తలూరు వాసి:
తమ్ముడూ, ముందు పర్మిషన్ సంగతి చూసుకోండి. వెలికొండల అడవి ఎర్రచందనం అడవి. తెల్లారకముందే ఇరవై మంది బ్యాగులు తగిలించుకుని పొదల్లోకి పోతుంటే మీరు ఆఫీసు పిలకాయలో దుంగల కోసం వచ్చినోళ్ళో ఫారెస్టు వాళ్ళకి ఎట్టా తెలుస్తుంది? రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోవడం చట్టప్రకారం నేరం. వారం ముందే ఒకరు ఉదయగిరి వెళ్ళి, ఫారెస్టు ఆఫీసులో పేర్లు, ఫోన్ నంబర్లు రాసిచ్చి, ఏ దారిన పోతారో ఎన్నింటికి దిగుతారో చెప్పి రండి.

రాత్రి పైన పడుకునే మాట మర్చిపోండి. ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే కొండలవి. పైగా చలేస్తుందని ఎవరో ఒకరు మంట వేస్తారు. జనవరికి బోదగడ్డి ఎండిపోయి ఉంటుంది, అంటుకుందంటే ఆపడం మీ వల్ల కాదు.

ఇంకొకటి. ఊళ్ళో మేకల కాపరినో, కొండకి పోయి వచ్చే పెద్దమనిషినో వెంటబెట్టుకోండి. కింద దారి బాగానే కనిపిస్తుంది. పైకి పోయేకొద్దీ మేకల దారులు కలిసిపోతాయి, అన్నీ దారిలాగే ఉంటాయి. మేక దూరిన పొదలో మనిషి దూరలేడు. పది నిమిషాలు నడిచాక ముందు బండ, పక్కన ముళ్ళకంప. అప్పుడు వెనక్కి తిరగమంటే ముందున్న మొనగాళ్ళు ఒప్పుకోరు, ‘ఇట్టే పోతే కలుస్తుందిలే’ అంటారు. మనిషికి ఆ రోజు కూలి కంటే నాలుగు రూపాయలు ఎక్కువే ఇచ్చి, ఆయన భోజనం కూడా మీరే తీసుకెళ్ళండి.

పెన్నా గట్టు:
అన్న చెప్పింది నిజం. నేను ఇంకో మాట చెబుతా. దుర్గం ఎక్కడం అంత కష్టమేం కాదు, ఇరవై మందిని కలిపి ఎక్కించడమే కష్టం.

మా బ్యాచ్‌తో ప్రతిసారీ జరిగేది ఇది. మొదటి అరగంట అందరూ కలిసే నడుస్తారు, జోకులు, పాటలు. ఆ తర్వాత గుంపు మూడు ముక్కలవుతుంది. ముందువాళ్ళు ఒక బండ మీద కూర్చుని నీళ్ళు తాగి, ఫొటోలు దిగి, హాయిగా ఉంటారు. వెనకవాళ్ళు రొప్పుకుంటూ అక్కడికి చేరతారు. చేరగానే ముందువాళ్ళు ‘వచ్చారా, పదండి’ అని లేస్తారు! అంటే ఓపిక ఉన్నోడికి పది నిమిషాలు రెస్టు, లేనోడికి అసలు లేదు. ఇట్టా నాలుగుసార్లు జరిగితే వెనక మనిషికి కాళ్ళ కంటే ముందు మనసు విరుగుతుంది. మా వాళ్ళలో ఒకాయన మంచి మాటకారి. ఒక మలుపు దగ్గర రాయి మీద కూర్చుని, షూ లేసు విప్పి మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పి, ‘మీరు పోండబ్బా, నేను ఇక్కడ గాలి పీల్చుకుంటా’ అన్నాడు. లేసులో ఏమీ లేదు. తన వల్ల అందరూ ఆగుతున్నారన్న సిగ్గు. అట్టా అన్నోడిని వదిలిపెట్టి పోకూడదు, అది రాసి పెట్టుకోండి.

అందుకే ఇప్పుడు నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు పెడుతున్నాం. వాళ్ళ వేగమే అందరి వేగం. చిట్టచివర ఒక గట్టి మనిషి, ఆయన దాటి వెనక ఎవరూ ఉండకూడదు. చివరి మనిషి వచ్చాక ఐదు నిమిషాలు లెక్క మొదలవుతుంది, అంతవరకు ఎవరూ లేవరు. జిమ్ పిలకాయలకి మొదట్లో విసుగే. వాళ్ళకి నీళ్ళ క్యాన్లు, మందుల సంచి అప్పజెప్పండి, వేగం దానంతటదే సమానమవుతుంది.

అంకెల అప్పారావు:
దీనికి ఒక లెక్క ఉంది. స్కాట్లాండ్‌లో నైస్మిత్ అనే కొండలెక్కే ఆయన 1892లో చెప్పింది. సమతలం మీద 3 మైళ్ళకి ఒక గంట, ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకి ఇంకో గంట కలుపుకోవాలి. ఉదయగిరి దుర్గం సముద్రమట్టం నుంచి 3,079 అడుగులని పాత గెజిటీర్ (బ్రిటిష్ వాళ్ళ కాలపు ఊళ్ళ వివరాల పుస్తకం) లెక్క. మీరు ఎక్కేది ఊరి మట్టం నుంచి కాబట్టి ఇంకా తక్కువే. దీన్నిబట్టి రెండు మూడు గంటల్లో పైన ఉండొచ్చు.

పెన్నా గట్టు:
అప్పారావు గారూ, ఆ లెక్క చలిదేశంలో ఒంటరిగా నడిచే గట్టి మనిషికి. మా నెల్లూరు ఎండకి, ముళ్ళకంపకి, మధ్యలో పులిహోర పొట్లాలు విప్పే బ్యాచ్‌కి రెండింతలు వేసుకోండి. అయినా తక్కువే. 😄

అల్లూరు అమ్మాయి:
ఆడవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు కాబట్టి నేనే చెబుతా. కొండ మీద బాత్రూములుండవు. అందుకని చాలామంది పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా వస్తారు, పది గంటలకల్లా తలనొప్పి, కళ్ళు తిరగడం. బయల్దేరే ముందే ఈ మాట బాహాటంగా చెప్పుకోవాలి. మా గుంపులో ‘ఆగుదాం’ అని ఎవరన్నా అంటే మగవాళ్ళు తలా నాలుగడుగులు ముందుకు పోయి అవతలికి తిరిగి నిలబడతారు, ఎందుకని ఎవరూ అడగరు. ఒక పాత చున్నీ, వాడినవి తిరిగి తెచ్చుకోవడానికి జిప్ కవర్లు పెట్టుకోండి. లెగ్గింగ్స్ వద్దు, పరికికంప పట్టుకుంటే అయిపోయినట్టే. మందపాటి ప్యాంటు, నిండు చేతుల చొక్కా మేలు.

కష్టాలన్నీ చెప్పుకుంటున్నాం గానీ, ఎందుకు పోతామో కూడా రాద్దాం. ఆఫీసులో మా సెక్షన్ మేడమ్ అంటే అందరికీ టెన్షన్. ఒకసారి కొండ మీద బండ దాటేటప్పుడు ఆవిడ కాలు జారి, మా ఆఫీస్ బాయ్ చెయ్యి గట్టిగా పట్టుకుని ‘వదలొద్దురా నాయనా’ అంది. పైకి చేరాక ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో చింతకాయ పచ్చడి అన్నం తిన్నారు. సోమవారం ఆఫీసులో మళ్ళీ మామూలే అనుకోండి. కానీ అతన్ని పిలిచేటప్పుడు పేరు వెనక ‘గారు’ చేరింది.

డ్యూటీ నర్సు:
జనవరి కదా అని ఎండని తేలిగ్గా తీసుకోవద్దు. మధ్యాహ్నం బండ మీద వేడి మామూలుగా ఉండదు. మనిషికి కనీసం 3 లీటర్ల నీళ్ళు, అంటే వీపు మీద 3 కిలోల బరువు, అది ముందే తెలుసుకుని మిగతా సామాను తగ్గించుకోండి. ఉత్త నీళ్ళే తాగుతూ పోతే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్ళల్లో కలపాలి. రుచి కోసం గ్లాసులో గుమ్మరించుకుని తాగొద్దు. ప్యాకెట్ లేకపోతే లీటరుకి 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు నిండుగా కాదు, సమంగా. ఉప్పేసిన మజ్జిగైనా మంచిదే. మనిషి చెమట పట్టడం మానేసి, మాట తడబడుతుంటే అది అలసట కాదు, వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, ఒళ్ళంతా తడిపి, విసరండి, ఆలోగా కిందికి కబురు పెట్టండి.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏదీ వద్దు. కాలు కదపకుండా కర్రతో సపోర్టు కట్టి, నడవనివ్వకుండా మోసుకుని దింపాలి. ఇక్కడే గుంపు పనికొస్తుంది. ఇద్దరే ఉంటే మోయలేరు. మనకి దొరికే యాంటీ వెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది కాబట్టి పాముని వెతికి చంపి తేవాల్సిన పని లేదు. కింద ఉండే డ్రైవర్‌కి 108 ఎక్కడికి రావాలో ముందే చెప్పి ఉంచండి. పైన సిగ్నల్ ఒక్కోచోట ఉంటుంది, ఒక్కోచోట ఉండదు.

సెంట్లు కొట్టుకుని రావద్దు. కొండ తేనెపట్లు పెద్దవి. సిగరెట్ పొగ, కేకలు, రాయి విసరడం, ఇవన్నీ ఈగల్ని లేపేవే.

ఒంగోలు గిత్త:
పిల్లలు ఉన్నారంటున్నారు కదా, వాళ్ళని దుర్గానికి ఎందుకు? మా వైపు భైరవకోన చూడండి. ఒకే కొండని తొలిచిన 8 శివాలయాలు, పక్కనే జలపాతం, వానలు బాగా పడిన ఏడాదైతే నీళ్ళు దూకుతుంటాయి. ఉదయగిరి నుంచి సీతారామపురం మీదుగా రావచ్చు. ఓపికున్నవాళ్ళు శనివారం దుర్గం ఎక్కండి, ఆదివారం అందరూ కలిసి భైరవకోన. కోతులతో మాత్రం జాగ్రత్త, చేతిలో సంచి కనిపిస్తే మీది కాదు, దానిదే.

నల్లమల వైపు వద్దు, అది పులుల అభయారణ్యం, ఎక్కడబడితే అక్కడ తిరగనివ్వరు. నెమలిగుండం రంగస్వామి దగ్గరికైతే శనివారాల్లో జనం పోతారు గానీ అది దర్శనానికి, ట్రెక్కింగ్‌కి కాదు.

మొండి మోకాలు:
అందరూ ఎక్కడం గురించే. నా ఓటు దిగడానికి. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్ళు. ఎండుగడ్డి మీద, గులకరాళ్ళ మీద సర్రున జారుతుంది. కొత్త షూ ఆ రోజే వేసుకొచ్చినోడి కాలి గోళ్ళు ముందుకి గుద్దుకుని నల్లబడతాయి. గోళ్ళు ముందురోజే కత్తిరించుకోండి, చేతికొక కర్ర, అడుగులు చిన్నవి, కొంచెం పక్కకి తిరిగి దిగండి. పైకి చేరినా చేరకపోయినా మధ్యాహ్నం ఒంటి గంటకి వెనక్కి తిరగాలి. జనవరిలో ఆరింటికి పొద్దు వాలుతుంది, చెట్ల కింద ఇంకా ముందే చీకటి. ‘ఇంకో అరగంటలో శిఖరం’ అనే మాట ప్రతి గుంపులో ఒకడు అంటాడు. వాడి మాట వినొద్దు.

రాయల వీరాభిమాని:
చరిత్ర తెలుసుకుని ఎక్కితే రుచి వేరు. ఒడిశా రాజులు గజపతుల చేతిలో ఉన్న ఈ కోట కోసం కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి వేస్తే 1514కి గానీ లొంగలేదు, దాదాపు 18 నెలలు. ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన బాలకృష్ణుడి విగ్రహం కోసమే హంపీలో కృష్ణాలయం కట్టించాడు. మొత్తం 13 కోటల్లో 8 కొండ మీదే. గోడలు, మసీదులు శిథిలంగా ఉన్నాయి, వాటి మీదికి ఎక్కి సెల్ఫీలు దిగొద్దు, పేర్లు చెక్కొద్దు. నిధుల కోసం తవ్విన గుంతలు కూడా ఉంటాయి, గడ్డిలో కనిపించవు.

పెన్నా గట్టు:
18 నెలలా! రాయల సైన్యంలో కూడా లేసులు కట్టుకునే బ్యాచ్ ఉండుంటుంది.

నాయుడుపేట నరేష్:
డబ్బులు కట్టి గ్రూప్ ట్రెక్‌లకి పోయేవాళ్ళకి ఒక మాట. ఒక సంస్థ వాళ్ళు మమ్మల్ని అరవై మందిని ఒకే దారిలో తోలారు, వెంట వచ్చింది ఇద్దరు కుర్రాళ్ళు. మధ్యాహ్నం భోజనం మాకు చేరేసరికి సాంబారు అన్నం పులిసింది. అడిగితే ‘ఇది అడ్వెంచర్ సార్’ అన్నారు. ఎంతమందికి ఎంతమంది గైడ్లు, ఫస్ట్ ఎయిడ్ ఎవరికి వచ్చు, ఈ రెండూ అడక్కుండా ఫోన్‌పే చేయొద్దు. పదిహేను మంది దాటితే రెండు గుంపులు చేయడమే మంచిది.

కావలి కుర్రోడు:
అందరికీ థాంక్స్. టెంట్ల మాట గ్రూపులో చెప్పా, ఇద్దరు అలిగారు, పర్లేదు. పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఆదివారం నేరుగా భైరవకోనకి వస్తారు. మిగిలింది పద్నాలుగు మంది. మా మేనేజర్ గారు వెనక నడుస్తారని అందరికీ తెలుసు, ఆయన్ని ముందు పెట్టమంటే ఎట్టా చెప్పాలి, ఎవరు చెప్పాలి?

అల్లూరు అమ్మాయి:
‘సార్, మీరు లీడ్ చేయండి’ అని చెప్పండి. ఒక్క మేనేజర్ కూడా కాదనడు.

దుత్తలూరు వాసి:
😂 అమ్మాయి చెప్పినట్టే చెప్పు. శుక్రవారం రాత్రే వచ్చి ఉదయగిరిలో పడుకోండి, తెల్లవారుజామున నెల్లూరులో బయల్దేరితే ఆత్మకూరు దాటి ఇక్కడికి చేరేసరికి ఎండెక్కుతుంది. బస్టాండు దగ్గర పొద్దున్నే ఇడ్లీ దొరుకుతుంది, కడుపు నిండా తినొద్దు, సగమే తిని మిగతాది కట్టించుకోండి. దిగాక ఓపికుంటే చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ళ దగ్గరికి పోండి, ఉదయగిరి చెక్కపనికి జీఐ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక) గుర్తింపు కూడా ఉంది. బేరం మరీ గీచి ఆడొద్దు. మనిషి పేరు, నంబరు ఇక్కడ పెట్టకూడదు కదా, మేకల కాపరి కావాలంటే నాకు విడిగా మెసేజ్ పెట్టు తమ్ముడూ, ఈ శనివారమే అడిగి చెబుతా.