పదమూడేళ్ల ఆటోమేటిక్ కారుకు కొత్త గేర్‌బాక్స్: వేయించాలా, వదిలించుకోవాలా?

ఓరుగల్లు36
మాది 2013 మార్చి రిజిస్ట్రేషన్, ఏపీ 36 నంబర్, పెట్రోల్ ఆటోమేటిక్. 88 వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన నెల హైదరాబాద్ నుంచి వస్తుంటే జనగామ దాటాక ఇంజిన్ రొద పెరుగుతోంది గానీ బండి లాగట్లేదు. ఇప్పుడు పొద్దున్నే గేరు డి (డ్రైవ్) లో పెడితే రెండు మూడు సెకన్లు కదలదు. తర్వాత వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఒక్క కుదుపుతో కదులుతుంది.
షోరూంలో కొత్త గేర్‌బాక్స్‌కు 1,65,000 చెప్పారు. హైదరాబాద్‌లో ఒక షెడ్డాయన ఉన్నదాన్నే విప్పి బాగుచేయడానికి 85,000 అని ఫోన్‌లో అన్నాడు, ఆరు నెలల వారంటీ. హనుమకొండలో పాత కార్లు కొని అమ్మే కన్సల్టెన్సీలో అడిగితే బండి బాగుంటే 2,30,000, ఇలాగే అయితే 80,000.
నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది, క్లచ్ తొక్కలేరు. కాబట్టి మాన్యువల్ కొనమని మాత్రం చెప్పొద్దు.

కాజీపేట_డీజిల్
అమ్మేయ్ తమ్ముడూ. రెండు లక్షల బండికి లక్షా అరవై ఐదు వేల గేర్‌బాక్సా? పైగా 2028లో పదిహేనేళ్లు నిండుతాయి, ఆ తర్వాత తుక్కే.

నక్కలగుట్ట_లెక్కలు
అన్నా, పదిహేనేళ్లకు పెట్రోల్ బండి ఆపేయాలన్న గొడవ ఢిల్లీ వైపుది. మన దగ్గర ఫిట్‌నెస్ పాసైతే ఇంకో ఐదేళ్లు రెన్యువల్ ఇస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 5,000 అయింది, గ్రీన్ ట్యాక్స్ వేరు. అంతే.
ఇక లెక్క. బండి విలువ పక్కన రిపేర్ బిల్లు పెట్టి చూస్తే ఎప్పుడూ భయమే వేస్తుంది. అమ్మడానికే అయితే షోరూం గేర్‌బాక్స్ శుద్ధ దండగ: 2,30,000 లోంచి 1,65,000 పోతే మిగిలేది 65,000. ఇలాగే ఇస్తే 80,000 వస్తున్నాయి.
ఉంచుకోవడానికైతే లెక్క మారిపోతుంది. రిపేర్‌కు 85,000, ఇప్పుడు అమ్మితే వచ్చే 80,000 కూడా ఖర్చు కిందే రాయండి. మూడేళ్లు నడిపి ఆఖర్న లక్షకు ఇచ్చినా పోయేది 65,000. నెలకు రెండు వేలు కూడా కాదు. కొత్త చిన్న ఆటోమేటిక్ ఆన్‌రోడ్ 6,30,000 అనుకుందాం. పాతది ఇచ్చాక ఐదున్నర లక్షల లోను, 9 శాతం, ఐదేళ్లు. నెలకు 11,400 ఈఎంఐ.

పరకాల_పాత_బండి
కొత్తదానికి ఆఖర్న విలువ మిగులుతుంది కదా సార్, అది రాయలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది కూడా.

నక్కలగుట్ట_లెక్కలు
నిజమే, వదిలేశాను. మూడేళ్లకు నాలుగు లక్షలకు పోయిందనుకున్నా 2,30,000 కరిగినట్టే, వడ్డీ వేరే. జీఎస్టీ తగ్గి కొత్తవాటి ధర దిగితే పాతవాటిదీ దిగుతుంది, అందుకే మీ కన్సల్టెన్సీ ఆయన గీసి గీసి చెబుతున్నాడు.

షెడ్డు_మనిషి
ఇన్ని లెక్కలు వేశారు గానీ అసలు ఏం పోయిందో ఎవరైనా చూశారా? బండి చూడకుండా ఫోన్‌లో 85,000 చెప్పినవాడిని నేనైతే నమ్మను. ముందు స్కానర్ పెట్టించి ఎర్రర్ కోడ్‌లు రాసుకోండి. సోలనాయిడ్ (ఆయిల్ దారి తెరిచి మూసే కరెంటు వాల్వు) పోయినా, ఎలుక వైరు కొరికినా ఇలాగే చేస్తుంది. తర్వాత గేర్ ఆయిల్ చూడండి. కొత్తది సాధారణంగా ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలినట్టు. గేర్‌బాక్స్ కింద ఆయిల్ నిలిచే పాన్ విప్పితే అయస్కాంతం ఉంటుంది. దాని మీద మెత్తటి బూడిద రంగు ముద్ద మామూలే. లోహపు ముక్కలు, పెచ్చులు కనిపిస్తే అరుగుదల చాలా దూరం పోయినట్టు. ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్పించారు?
ఇంకోటి, ముందు చక్రాలు తిరుగుతుండగా తాడు కట్టి లాక్కెళ్లొద్దు. ఇంజిన్ ఆగితే లోపల ఆయిల్ పంపు తిరగదు, ఉన్న కాస్త గేర్‌బాక్సూ పోతుంది. ఫ్లాట్‌బెడ్ లారీ మీదే ఎక్కించండి.

హంటర్_రోడ్
ఇన్సూరెన్స్‌లో రాదా?

షెడ్డు_మనిషి
రాదు. అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు పాలసీలో ఉండవు.

పరకాల_పాత_బండి
నేను ఈ ముచ్చట్లో కాలు కాల్చుకున్నవాడిని. మూడేళ్ల కింద ఒక షెడ్‌లో ‘తక్కువ తిరిగిన’ పాత గేర్‌బాక్స్ అని వేశారు. ఏడో నెలలో పోయింది, వారంటీ ఆరు నెలలు. తీసిన పార్టులు కళ్లతో చూడాలి, బిల్లు మీద ఏమేం మార్చారో రాయించాలి. ఇప్పుడు ఏఎంటీ బండి నడుపుతున్నా, అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్, గేరు వాటంతటవే పడే ఏర్పాటు. గేరు మారేటప్పుడు తల ఊపుతుంది, కాజీపేట బ్రిడ్జి ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగితే కాస్త వెనక్కి జారుతుంది. కానీ లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే కాబట్టి ఏదైనా పోతే విప్పేవాళ్లు దొరుకుతారు.

ఓరుగల్లు36
అప్‌డేట్. ఫ్లాట్‌బెడ్ మీద హైదరాబాద్ పంపి, వెనకే బస్సులో వెళ్లాను. ఆయిల్ ఎప్పుడు మార్పించామని అడిగారు కదా, ఎప్పుడూ మార్పించలేదు. ‘జీవితాంతం అక్కర్లేదు’ అని ఎవరో అంటే నమ్మాం. పాన్ విప్పితే డికాక్షన్ లాంటి ఆయిల్ కారింది. అయస్కాంతం మీద గోరంత పెచ్చులు రెండు. క్లచ్ ప్లేట్లు కాలాయి, ఆయిల్‌ను లోపల పంచే వాల్వ్ బాడీ బాగుందన్నాడు. ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌తో కలిపి 96,000. బిల్లు మీద రాసిస్తాడట, వారంటీ ఏడాదికి ఒప్పించాను. నాన్న ‘చేయించు’ అంటున్నారు, అమ్మ కొత్తదే కొందామంటోంది. రేపు సాయంత్రంలోగా షెడ్డాయనకు ఫోన్ చేయాలి.

కాజీపేట_డీజిల్
ఇప్పటికీ అమ్మేయమనే అంటా. నిజంగా అమ్మేటట్టయితే చెప్పు, 90 వేలకు నేనే తీసుకుంటా.

ఓరుగల్లు36
అంటే మీరు బాగుచేయించుకుని నడుపుతారన్నమాట!

కాజీపేట_డీజిల్
మా బావమరిదికి షెడ్ ఉంది తమ్ముడూ. నాకు లేబర్ పడదు, నీకు పడుతుంది.