జేబులో మడత చాకు రోజూ పెట్టుకోవచ్చా? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

తిరుచానూరు_కుర్రోడు:
అన్నలకు, అక్కలకు నమస్కారం. గాంధీ రోడ్డులో నాకు చిన్న షాపు ఉంది. సెల్ కవర్లు, చార్జర్లు అమ్ముతాను. కువైట్ నుంచి వచ్చిన మా చిన్నాన్న ఒక మడత చాకు ఇచ్చాడు. మూస్తే అరచేతిలో ఇమిడిపోతుంది, తెరిస్తే బ్లేడు రెండున్నర అంగుళాలు. అప్పటి నుంచి అది ప్యాంటు జేబులోనే ఉంటోంది. పార్సిళ్లు విప్పడానికి, కేబుల్ టైలు కోయడానికి బాగా వాడుతున్నాను. మా నాన్నకు మాత్రం అది కనబడితే చాలు, కోపం. "కత్తి జేబులో వేసుకుని తిరిగేది రౌడీలు, నీకెందుకురా" అంటాడు. మా ఫ్రెండ్సేమో మగాడన్నాక ఒకటి ఉండాల్సిందే అంటున్నారు. ఈ రెండు మాటలూ నాకు ఎక్కడం లేదు. నిజంగా వాడేవాళ్లు చెప్పండి. రోజూ వెంట ఉంచుకోదగిన వస్తువేనా, అనవసరమైన టెన్షనా?

బంగారుపాళ్యం_తోట:
తమ్ముడూ, మాది మామిడి తోట. ఎక్కువ తోతాపురి, కొంచెం బేనీషా. చాకు లేకుండా నేను తోటలో అడుగు పెట్టను. ఎందుకో చెప్తా.

డ్రిప్‌కు నీళ్లు వదిలిన కాసేపటికే ఎక్కడో ఒకచోట ఉడుత కొరికిన పైపు చిమ్ముతూ ఉంటుంది. ఆ 16 ఎం.ఎం. పైపును కొరికిన చోట అటూ ఇటూ తిన్నగా కోసి జాయినర్ దూర్చాలి. పదును లేని కత్తితో నులిమి నులిమి కోశామనుకో, పైపు నోరు నొక్కుకుపోయి కోలగా అవుతుంది. ఆపైన జాయినర్ ఎంత లోపలికి నెట్టినా నీళ్లు కారుతూనే ఉంటాయి. ఒక్క కోతకు తెగితే నోరు గుండ్రంగా నిలుస్తుంది. దీనికోసం ఎండలో ఇంటిదాకా పోయి కత్తి తెచ్చుకోవాలా? కొడవలి గడ్డికి పనికొస్తుంది కానీ ఈ పనికి కాదు.

కాయలు కోసేటప్పుడూ అంతే. తొడిమ కొంచెం ఉంచి కోయాలి. మొదలంటా విరిస్తే సొన చిమ్మి కాయ మీద పడుతుంది. పడినచోట తోలు నల్లబడుతుంది, మండీలో ధర పోతుంది. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే తోతాపురికి ఇది అంతగా పట్టదు, బేనీషాకు మాత్రం పడుతుంది. చిక్కంతో దింపిన కాయల్లో తొడిమ పొడవుగా ఉన్నవి కింద కూర్చుని చాకుతో సరిచేస్తాం. అంటు కట్టేవాళ్ల దగ్గరైతే మా తాత కాలం నుంచీ ఉన్నది మడత చాకే. కొమ్మను ఏటవాలుగా ఒకే ఊపులో చెక్కాలి. రెండు మూడు గాట్లు పెడితే అతుకు కూడదు.

మా ఊళ్లో ఇది చూసి ఎవరూ ఎవరినీ రౌడీ అనరు. నీ దగ్గర ఉన్నది పనిముట్టు, నిశ్చింతగా పెట్టుకో.

రేణిగుంట_టాక్సీ:
తోట అన్న చెప్పినదాంట్లో తప్పు లేదు, కానీ అది తోట సంగతి. అడిగినవాడు ఉండేది గాంధీ రోడ్డులో.

నేను రేణిగుంట ఎయిర్‌పోర్టు నుంచి, స్టేషన్ నుంచి కొండకు బాడుగలు తోలుతాను. తిరుపతిలో ఉండేవాడికి పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు సాయంత్రం ఎక్కడ తేలతాడో తెలియదు. చుట్టాలు దిగుతారు, "కొండకు తీసుకుపో" అంటారు. అలిపిరి దగ్గర బండి ఆపుతారు, సామాను స్కానర్‌లో వేస్తారు, మనిషిని తనిఖీ చేస్తారు. కొండ మీదికి మందు, మాంసం, పొగాకుతో పాటు ఆయుధాలూ నిషేధం. వెనకాల బండ్లు బారులు తీరి ఉంటే, "సార్, ఇది పండ్లు కోసుకునేది" అని ఎంతసేపు వాదిస్తావు? ఎయిర్‌పోర్టులోనూ అంతే. చెక్-ఇన్ లగేజీలో వేసుకోవచ్చు. హ్యాండ్ బ్యాగులో ఉంటే మాత్రం అక్కడే వదిలేసి పోవాలి. పిల్లలకు ఆపిల్ కోద్దామని తెచ్చుకున్న చాకును చెత్తడబ్బాలో వేసి పోయే ప్రయాణికులను చూస్తూనే ఉంటాను.

పార్సిళ్లే కదా నీ పని? షాపులో కట్టర్ పెట్టుకో. మొన మొద్దుబారితే ఒక గీత దాకా విరిచేస్తే మళ్లీ కొత్త పదును. 1956లో జపాన్‌లో ఒకాడా అనే ఆయన కనిపెట్టిన పద్ధతి అది, ఇంతవరకూ దాన్ని మించింది రాలేదు. నలభై, యాభై రూపాయల వస్తువు. పోయినా బాధ ఉండదు. చిన్నాన్న ప్రేమగా ఇచ్చింది చెక్‌పోస్టులో వదిలి రావాలంటే ప్రాణం ఉసూరుమంటుంది.

కోర్టు_గుమస్తా_చిత్తూరు:
చట్టం ఏమంటుందో చెప్పకుండా ఈ చర్చ ముందుకు పోకూడదు. 1959 ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నిబంధనలు చూడండి. పదునైన ఆయుధాల జాబితాలో కత్తులకు పెట్టిన కొలత: బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు. అందులోనూ ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు, శాస్త్రీయ అవసరాలకు తయారైన వాటికి మినహాయింపు ఉంది. రెండున్నర అంగుళాల మడత చాకు ఆ కొలతకు దరిదాపుల్లో కూడా లేదు. లైసెన్స్ అన్న ప్రశ్నే రాదు.

అంతమాత్రాన ఎక్కడికైనా తీసుకుపోవచ్చని కాదు. ఎన్నికలప్పుడో, ఊళ్లో గొడవలప్పుడో నిషేధాజ్ఞలు పెడతారు. పాత 144 సెక్షన్, 2024 జూలై నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 163. ఆ ఉత్తర్వులో ఆయుధాలు పట్టుకు తిరగరాదని రాసి ఉంటే, నీది చిన్నదా పెద్దదా అని అక్కడ కొలిచేవాడు ఉండడు. ఇక మాటామాటా పెరిగినప్పుడు జేబులోంచి తీసి చూపించావంటే బెదిరింపు కేసు. బ్లేడు అంగుళమున్నా అంతే. నీ ఫ్రెండ్స్ "మగాడన్నాక" అనేది ఈ లెక్కలో అయితే వాళ్ల మాట వినొద్దు నాయనా.

బైరాగిపట్టెడ_సిస్టర్:
గుమస్తా గారు చివర్లో అన్న మాటకు నా ఓటు. నేను ఆసుపత్రి క్యాజువాలిటీలో పని చేస్తాను. ఆత్మరక్షణకని చాకు పెట్టుకునే ఆడపిల్లలూ ఉన్నారు, వాళ్లకీ ఇదే చెప్తాను. భయంలో చేతులు వణుకుతుంటే బ్యాగులో వెతికి, గోటితో లాగి బ్లేడు తెరవడం అయ్యే పని కాదు. తెరిచినా, బలమున్నవాడు లాక్కుంటే అది మన మీదికే వస్తుంది. పరిగెత్తండి, అరవండి, 112కు ఫోన్ చేయండి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే. చాకు గాయాలతో వచ్చేవాళ్లలో కొట్లాట కేసులకన్నా పని చేసుకుంటూ కోసుకున్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. ప్లాస్టిక్ క్యానుకు చిల్లు పెడదామని మొనతో పొడుస్తారు. లాక్ లేని మడత చాకు కాబట్టి బ్లేడు వెనక్కి తిరిగి వేళ్ల మీద మూసుకుంటుంది. చూడ్డానికి చిన్న గాటే. కట్టు కట్టుకుని ఊరుకుంటారు. వారం తర్వాత "సిస్టర్, వేలు మడవలేకపోతున్నా" అని వస్తారు. లోపల నరం అని మనం అనే టెండన్ తెగి ఉంటుంది. వెంటనే వచ్చి ఉంటే కుట్టడం తేలిక. ఆలస్యమైతే రెండు కొసలూ దూరం జరిగిపోతాయి, ఆపరేషన్ పెద్దదవుతుంది.

కాబట్టి వేలు తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోండి. కాఫీ పొడి, పసుపు కూరకండి అని దండం పెట్టి చెప్తున్నా. అవన్నీ కడిగేసరికి మాకు తలప్రాణం తోకకొస్తుంది, మీకు నొప్పి రెట్టింపు. వేలి కొనలు మడిచి చూసుకోండి. ఒక్కటి మడవకపోయినా, తిమ్మిరిగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి రండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా గుర్తుపెట్టుకోండి.

బంగారుపాళ్యం_తోట:
అక్కా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. మొనతో పొడిచే పని మడత చాకుతో చేయకూడదు. డ్రిప్ పైపుకు చిల్లు పెట్టడానికి పంచ్ వేరే ఉంటుంది, అదే వాడాలి. కానీ దీనికి మందు చాకు మానేయడం కాదు, లాక్ ఉన్నది కొనడం. తెరిచినప్పుడు టక్కున పడి, మళ్లీ మనం నొక్కితే తప్ప మూసుకోనివి ఉన్నాయి.

పాత_సామాన్ల_పిచ్చి:
ఈ రెండు రకాలూ నా దగ్గర ఉన్నాయి కాబట్టి చెప్తాను. ఫ్రాన్స్ వాళ్ల ఒపినెల్ 1890 నాటి నుంచి వస్తోంది. చెక్క పిడి, మెడ దగ్గర తిప్పే ఉంగరం. ఆ ఉంగరం 1955లో చేర్చారు, తిప్పితే బ్లేడు కదలదు. పండ్లు కోయడానికి అంత హాయైన చాకు ఇంకొకటి లేదు. కానీ వానాకాలంలో పిడి ఉబ్బి బ్లేడు బయటికి రాదు, కార్బన్ స్టీలు రకమైతే మామిడికాయ కోయగానే నల్లబడుతుంది, ముక్కకు ఇనుప రుచి అంటుతుంది. మన పులుపు తిండికి స్టెయిన్‌లెస్ తీసుకోవడమే మేలు.

స్విస్ వాళ్ల విక్టోరినాక్స్‌లో 58 మిల్లీమీటర్లది తాళాల గుత్తికి వేలాడదీసేంత చిన్నది. దాంట్లో నేను ఎక్కువ వాడేది చాకు కాదు, కత్తెర. పాల ప్యాకెట్, షాంపూ ప్యాకెట్, చొక్కా దారం, గోరు, అన్నింటికీ అదే. పట్నంలో ఉండేవాడి రోజులో మూడొంతులు కత్తెర పనులే. ఆ కంపెనీయే చాలా దేశాల్లో నిబంధనలు బిగుస్తున్నాయని, కత్తి లేని పనిముట్లు తయారు చేస్తున్నట్టు 2024లో చెప్పింది.

ఇంకో సంగతి. యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు లాక్ లేనిది దండగ అంటారు. ఇంగ్లండ్‌లో ఏ కారణం లేకుండా వెంట ఉంచుకోవాలంటే లాక్ ఉండకూడదు, కోసే అంచు 3 అంగుళాలు దాటకూడదు. ఎక్కడి చట్టం అక్కడిది. ఆ వీడియోలు చూసి ఇక్కడ కొనకండి.

తలకోన_నడక:
అడవికి పోయేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మేం ప్రతి చలికాలం తలకోన పోతుంటాం. క్యాంపింగ్ అంటే చాకు ఉండాల్సిందే అనుకుంటారు. తలకోన ఉన్నది శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులో, 1989లో ప్రకటించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అలాంటి అడవిలోకి పోకూడదు. ఆ చట్టంలో ఆయుధం అన్నదాని నిర్వచనంలో కత్తులు కూడా ఉన్నాయి, అక్కడ 9 అంగుళాల లెక్క లేదు. పైగా శేషాచలం అంటే ఎర్రచందనం. సంచిలో కోత సామాను కనబడితే అడవి సిబ్బందికి అనుమానం రావడం సహజం. మేం పండ్లు ఇంట్లోనే కోసి డబ్బాల్లో తీసుకుపోతాం.

తిరుచానూరు_కుర్రోడు:
చాలా విషయాలు తెలిశాయి, అందరికీ థాంక్స్. ఒక డౌటు. కొండకు పోయే నడకదారిలో జంతువులు వస్తున్నాయి కాబట్టి చాకు ఉంటే ధైర్యం అని మా ఫ్రెండ్ అంటున్నాడు. దానికేమంటారు?

రేణిగుంట_టాక్సీ:
2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్న పాపను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత టీటీడీ భక్తులకు ఇచ్చింది చేతికర్రలు, పంపింది గుంపులు గుంపులుగా. చిరుత మీదికి రెండున్నర అంగుళాల చాకు ఏం చేస్తుంది తమ్ముడూ? పిల్లల చెయ్యి వదలకుండా నడవమను, అది చాలు.

నా మాట మాత్రం మారలేదు. చాకు మంచిదే, జేబు తప్పు. షాపులో గల్లాపెట్టె పక్కన పెట్టుకో. పార్సిల్ వచ్చేది అక్కడికే.

బంగారుపాళ్యం_తోట:
టాక్సీ అన్నా, రోజూ అలిపిరి దాటే మీకు అది సరిపోతుంది. మా చిత్తూరు వైపు పొద్దున తోట, మధ్యాహ్నం మండీ, సాయంత్రం ఇల్లు. దారిలో ఒక్క గేటూ తగలదు. మేం జేబులోనే పెట్టుకుంటాం. అడిగినవాడు తిరుపతిలో ఉన్నాడు కాబట్టి అతని వరకు మీ మాట ఒప్పుకుంటా. కాకపోతే గల్లాపెట్టె పక్కన పెడితే కొన్నాళ్లకు అందరి చేతుల్లోనూ పడి మొద్దుబారుతుంది. మొద్దు చాకుకు బలం ఎక్కువ పెడతాం, జారేది అప్పుడే. తమ్ముడూ, నీ చాకు నువ్వే వాడు, పనివాళ్లకు కట్టర్ ఇవ్వు. టేపు జిగురు కీలులో పట్టేస్తే వేడినీళ్లలో సబ్బు వేసి కడిగి, తుడిచి, బాగా ఆరనిచ్చి, కీలులో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వెయ్యి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిడ్డు కట్టి బిగుసుకుపోతుంది. నూనె వేసిన రోజు దాంతో పండ్లు కోయకు.

తిరుచానూరు_కుర్రోడు:
సరే అన్నా, అలాగే చేస్తాను. షాపులో నా టేబుల్ సొరుగులో ఉంటుంది, ఇద్దరు కుర్రాళ్లకూ చెరో కట్టర్ తెప్పిస్తున్నాను. నాదాంట్లో లాక్ ఉందో లేదో ఇప్పుడే చూశాను, లేదు. సిస్టర్ గారు చెప్పినట్టు మొనతో పొడిచే పని దేనికీ పెట్టుకోను. నాన్నకు గుమస్తా గారు చెప్పిన 9 అంగుళాల సంగతి చదివి వినిపించాను. "సరే, షాపులో ఉంచుకో, గంగ జాతరకు మాత్రం జేబులో వేసుకుని పోకు" అన్నాడు.

కోర్టు_గుమస్తా_చిత్తూరు:
మీ నాన్న గారు చెప్పింది కరెక్ట్. జాతరకే కాదు, ఊరేగింపులకు, మీటింగులకు, కోర్టుకు, పరీక్ష హాలుకు కూడా తీసుకుపోకు.