స్విఫ్ట్‌కు స్పేసర్లు: వేయించాలా, వద్దా?

నల్లగొండ_స్విఫ్ట్:
అన్నలకు నమస్తే. నాది స్విఫ్ట్. కంపెనీ అలాయ్‌లే, టైర్లు 185/65 ఆర్15. పక్క నుంచి చూస్తే బాగానే ఉంటుంది. వెనక నిలబడి చూస్తే మాత్రం పెద్దన్న చొక్కా తమ్ముడు తొడుక్కున్నట్టు బాడీ వెడల్పుగా, చక్రాలు లోపలికి ఉంటాయి. ఫెండర్, అంటే చక్రం పైన ఉండే బాడీ, దాని అంచుకు చక్రం సమంగా రావాలని నా కోరిక. కొత్త అలాయ్‌లు కొనే పరిస్థితి ఇప్పుడు లేదు. ఇక్కడ ఒక షాపాయన వెనక 20 ఎంఎం, ముందు 15 ఎంఎం స్పేసర్లు (చక్రానికి, అది బిగిసే హబ్‌కు మధ్య పెట్టి చక్రాన్ని బయటికి జరిపే ప్లేట్లు) వేస్తానన్నాడు. మా బావేమో "నడుస్తుంటే చక్రం ఊడి నీకంటే ముందు పోతది" అంటున్నాడు. వేసుకున్నవాళ్లూ చెప్పండి, వద్దనేవాళ్లూ చెప్పండి. కారణంతో చెప్పండి, ఊరికే తిట్టకండి.

పాలమూరు_పోలో:
వేసుకో తమ్మీ. నా పోలోకు వెనక ఉన్నాయి. జడ్చర్ల, హైదరాబాద్ మధ్య తిరిగే బండి, ఇప్పటిదాకా ఏ లొల్లీ లేదు. పోర్షే కంపెనీయే తన కార్లకు స్పేసర్లు అమ్ముతుంది. జర్మనీలో టీయూవీ (అక్కడ బండ్లను, విడిభాగాలను పరీక్షించే సంస్థ) కాగితం ఉన్న స్పేసర్లు బిగించుకుని ఆటోబాన్ మీద దూసుకుపోతారు. చక్రం ఊడేది నట్టు సరిగ్గా పట్టనప్పుడు. అది స్పేసర్ లేకున్నా ఊడుతుంది.

దేవరకొండ_రోడ్డు:
పోర్షే వాళ్ల స్పేసర్ ఆ హబ్ కొలతకే తయారైంది, దానికి తగ్గ పొడుగు బోల్టులతో వేస్తారు. తమ్ముడికి వేసేది ఏ కొలతదో ముందు తెలియాలి కదా? జర్మనీ పేరు చెప్పి లేత్ మిషన్ సరుకు అంటగట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

స్విఫ్ట్ హబ్ మధ్యలో గుండ్రటి అంచు ఒకటి బయటికి వచ్చి ఉంటుంది, 54.1 ఎంఎం. చక్రం మధ్య రంధ్రం దాని మీద కూర్చుంటుంది. పలచటి స్పేసర్ వేస్తే ఆ అంచు చాలావరకు స్పేసర్‌లోనే మునిగిపోతుంది. ఇక చక్రాన్ని మధ్యలో నిలబెట్టే పని మొత్తం నాలుగు నట్ల మీద పడుతుంది. ఒక పక్కకు బిగిసిందంటే 80 దాటగానే స్టీరింగ్ వణుకుడు మొదలు. ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. ఎందుకంటే మిషన్ మీద ఆ చక్రం బాగానే తిరుగుతుంది, తేడా ఉన్నది కారు మీద. అందుకే స్పేసర్ లోపలి రంధ్రం 54.1 ఉండాలి, బయటి వైపు మళ్లీ అదే కొలతలో అంచు ఉండాలి. హబ్ సెంట్రిక్ అనేది దాన్నే.

రెండోది స్టడ్డు, అంటే హబ్ నుంచి బయటికి వచ్చి నట్టు ఎక్కే మర కడ్డీ. లావు 12 ఎంఎం, థ్రెడ్ పిచ్ 1.25, అంటే ఒక్కో చుట్టుకు నట్టు 1.25 ఎంఎం లోపలికి పోతుంది. నట్టు కనీసం స్టడ్డు లావంత లోతుకు పట్టాలి. చేత్తో తిప్పుతూ లెక్కపెడితే తొమ్మిది, పది చుట్లు. 5 ఎంఎం ప్లేటు వేస్తేనే అందులో నాలుగు చుట్లు పోతాయి. స్పానర్‌కు మాత్రం గట్టిగా బిగిసినట్టే ఉంటుంది.

పాలమూరు_పోలో:
అన్నా, మీరు చెప్పేది పలచటి ప్లేటు సంగతి. తమ్ముడు అడిగింది 20 ఎంఎం. అది వేరే రకం. స్పేసర్‌ను హబ్ స్టడ్లకు విడిగా నట్లతో బిగిస్తారు, స్పేసర్‌కు సొంత స్టడ్లు ఉంటాయి, చక్రం వాటికి ఎక్కుతుంది. పొడవు సమస్యే రాదు. నా పోలోకైతే స్టడ్లే ఉండవు, బోల్టులు. పొడుగువి తెప్పించి మార్చా, అయిపోయింది.

ఇంకో మాట. నట్టు అడుగు కోన్ ఆకారంలో ఎందుకు ఉంటుంది? చక్రాన్ని మధ్యకు లాగడానికే. బయట కొనే అలాయ్‌లు చాలావరకు పెద్ద రంధ్రంతో వస్తాయి, లోపల ప్లాస్టిక్ రింగు వేసుకోవాలి. ఆ రింగు ఎక్కడో పారేసి తిరిగేవాళ్లు మన దగ్గర ఎంతమంది లేరు? వాళ్లను ఎవరూ ఏమీ అనరు.

దేవరకొండ_రోడ్డు:
కోన్ లాగుతుంది, కాదనను. చక్రం గాలిలో ఉండగా, నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తే లాగుతుంది. మన దగ్గర నట్లు బిగించే గన్ పెట్టి ఒకటి పూర్తిగా కొట్టేసి పక్కదానికి పోతారు.

వెనక 20 సరే అనుకుందాం. ముందు 15 అన్నాడు చూడు, అక్కడ నాకు అనుమానం. హబ్ స్టడ్డు పొడవు అంతకంటే ఎక్కువ, కాబట్టి స్టడ్డు కొన స్పేసర్ దాటి బయటికి వస్తుంది. అలాయ్ వెనక గుంటలు ఉంటే అందులో ఇముడుతుంది. లేకుంటే చక్రం స్పేసర్ మీద కాక స్టడ్డు కొనల మీద ఆనుతుంది. దానికి మందు అన్నట్టు గ్రైండర్‌తో కొనలు కోసేస్తారు. రేపు నువ్వు స్పేసర్లు తీసేస్తే ఆ పొట్టి స్టడ్డుకు నట్టు ఎంత పడుతుంది?

మిర్యాలగూడ_టైర్లు:
మాది టైర్ల షాపే. మేం స్పేసర్లు వేయం, వేసిన బండ్లు మాత్రం వస్తుంటాయి. విప్పితే కనబడేది చెబుతా. ప్లేటుకు రెండు పక్కలా ఎర్ర రంగు. రంగు మీద చక్రం బిగిస్తే, తిరిగే కొద్దీ ఆ రంగు నలిగి పొడైపోతుంది, అంత మేర నట్టు లూజవుతుంది. హబ్ మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకకుండానే ప్లేటు ఎక్కించేస్తారు. కొన్ని ప్లేట్లకు స్టడ్డు రంధ్రాలు పొడుగ్గా సాగదీసి ఉంటాయి, అన్ని కార్లకూ అమ్ముకోవడానికి.

సొంత స్టడ్లున్న రకంలో ఇంకో చిక్కు. లోపలి నట్లు చక్రం విప్పితే గానీ కనబడవు. బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపి మళ్లీ టార్క్ రెంచ్‌తో (నట్టు ఎంత బలంతో బిగిసిందో చూపే స్పానర్) చూడాలి, అంటే చక్రాలన్నీ విప్పాలి. ఆ పనికి తిరిగి వచ్చేవాళ్లు తక్కువ.

సాగర్_కట్ట:
బేరింగ్ పోతుందని ఇంకా ఎవరూ అనలేదా? నేనే అంటా, నేనే జవాబు చెబుతా. లోడు పెరుగుతుంది. కానీ 20 ఎంఎం స్పేసర్ వేసినా, ఆఫ్‌సెట్ (చక్రం నడిమి నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎన్ని ఎంఎం దూరమో చెప్పే కొలత; తగ్గితే చక్రం బయటికి వస్తుంది) 45 చక్రం తీసి 25 చక్రం వేసినా బేరింగ్‌కు ఒకటే. కాబట్టి బయటికి పొడుచుకొచ్చే అలాయ్‌లు వేసుకున్నవాళ్లు ఇక్కడ బేరింగ్ పాఠాలు చెప్పొద్దు.

నా అభ్యంతరం స్టీరింగ్‌తో. ముందు చక్రాలు బయటికి జరిగితే, ఒక పక్క గుంటలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతిని లాగుతుంది. నార్కట్‌పల్లి హైవే మీద నీకు తెలియదు. నాట్లప్పుడు కేజ్ వీల్ (బురదలో దున్నే ఇనుప చక్రాల) ట్రాక్టర్లు చెక్కేసిన ఊరి రోడ్డు మీద తెలుస్తుంది. మన్ననూరు దాటి దోమలపెంట ఘాట్ దిగేటప్పుడైతే చెప్పక్కర్లేదు. ముందు చక్రాలను ముట్టుకోకు తమ్మీ.

నకిరేకల్_లా_పాయింట్:
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసులో అదే చెప్పింది. అదే సంవత్సరం సవరణలో 182ఏ(4) వచ్చింది. అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ.

పాలమూరు_పోలో:
ఆర్సీలో వీల్‌బేస్ ఉంటుంది, రెండు చక్రాల మధ్య వెడల్పు ఎక్కడ రాస్తారు సార్? స్పేసర్ వేస్తే వీల్‌బేస్ మారదు. ఆపి టేపు పెట్టి కొలిచిన పోలీసును నేనైతే చూడలేదు.

నకిరేకల్_లా_పాయింట్:
పోలీసు కొలవడు, యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ సర్వేయర్ కొలుస్తాడు. పాలసీ తీసుకున్నప్పుడు చెప్పని మార్పు కనబడితే క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టడానికి వాళ్లకు అది చాలు. 182ఏ(4)లో విడిభాగాలు బిగించడం అనే మాట కూడా ఉంది, ఒక్క ఆర్సీ చూసి తప్పించుకోలేం.

నల్లగొండ_స్విఫ్ట్:
ముందు చక్రాలకు వేయించను. వెనక సంగతి ఇంకా తేలలేదు. సమంగా రావాలంటే ఎంత కావాలో ఎలా కొలవాలి?

మిర్యాలగూడ_టైర్లు:
చదునైన చోట కారు ఆపు. దారానికి ఒక నట్టు కట్టి, చక్రం నడిమికి నేరుగా పైన ఫెండర్ అంచు నుంచి వేలాడదీయి. దారానికి, టైరు బయటి భుజానికి మధ్య ఖాళీని స్కేలుతో చూడు. మొదట ఖాళీ కారుతో, తర్వాత వెనక ముగ్గురిని కూర్చోబెట్టి. పెళ్లికి ఐదుగురు ఎక్కినప్పుడు స్పీడ్ బ్రేకర్ మీద ఫెండర్ లోపలి మడత టైరును కోసేది అక్కడే, కాబట్టి రెండో కొలతే లెక్క. అందులోంచి ఇంకో 5 తీసెయ్.

నల్లగొండ_స్విఫ్ట్:
చూశా. మనుషులు కూర్చున్నాక 15. 5 తీసేస్తే 10 ఎంఎం.

మిర్యాలగూడ_టైర్లు:
10 అంటే, అంత పలచగా సొంత స్టడ్ల రకం రాదు. పొడుగు స్టడ్లు కావాలి, అందుకు వెనక బ్రేక్ డ్రమ్ము విప్పాలి, పాతవి తీసి కొత్తవి ప్రెస్‌తో ఎక్కించాలి. సగం పూటలో అయ్యే పని కాదు. నీ షాపాయన కొలవకుండానే 20 అన్నాడంటే, ఆయన దగ్గర స్టాకు ఉన్నది అదే అయ్యుంటుంది.