330ఎల్ఐ ఎం స్పోర్టా, ఎం340ఐనా? మన రోడ్లకి ఆ అదనపు హార్డ్‌వేర్ దండగేనా?

మామిడి_మండీ
చిత్తూరు నుంచి అందరికీ నమస్తే. బీఎండబ్ల్యూ 3 సిరీస్ తీసుకోవాలని ఇంట్లో ఖాయమైంది. ఏ వేరియంటో మాత్రం తేలడం లేదు. ఒకటి 330ఎల్ఐ ఎం స్పోర్ట్: 2 లీటర్లు, నాలుగు సిలిండర్లు, 258 హార్స్‌పవర్, 400 ఎన్ఎం టార్క్ (లాగే బలం), పవర్ వెనక చక్రాలకే, 0 నుంచి 100కి 6.2 సెకన్లు. రెండోది ఎం340ఐ: 3 లీటర్లు, ఆరు సిలిండర్లు, 374 హార్స్‌పవర్, 500 ఎన్ఎం, నాలుగు చక్రాలకీ పవర్, 4.4 సెకన్లు. రెండింటి ధరలో తేడాతో ఇంట్లోకి ఇంకో చిన్న కారు వస్తుంది.

ఎక్కువగా తిరిగేది బెంగళూరు, చెన్నై. వీలైనప్పుడల్లా తిరుమల కొండకి. వెనక సీట్లో అమ్మానాన్న ఉంటారు. తేడా అంతా ఇంజిన్‌లోనేనా, లేక బ్రేకులు, రెండు పక్కల చక్రాలకీ శక్తి పంచే డిఫరెన్షియల్ లాంటివి కూడా నిజంగా వేరా? నడిపినవాళ్లు చెప్పండి.

అలిపిరి_గాలి
నేను నడిపేది ఎం340ఐ. తేడా ఇంజిన్ ఒక్కటే అని సేల్స్ కుర్రాడు చెప్తే నమ్మొద్దన్నా.

ముందు ఇంజిన్. రెండూ ఒకే కుటుంబం. బోర్ (సిలిండర్ వెడల్పు) 82 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 94.6, రెండింట్లోనూ అంతే. సిలిండర్‌కి అర లీటర్. నాలుగు పేరిస్తే 330, ఆరు పేరిస్తే 340. కానీ ఆరు ఒకే వరసలో ఉంటే ఒకదాని ఊపుని ఇంకోటి చంపేస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఆ వణుకు తగ్గించడానికి విడిగా బ్యాలెన్స్ షాఫ్టులు పెట్టాలి, దీనికి ఆ గొడవే లేదు.

తర్వాత వెనక ఇరుసు. ఎం340ఐలో ఎం స్పోర్ట్ డిఫరెన్షియల్ ఉంది. మలుపులో లోపలి చక్రం తేలికై ఊరికే తిరగబోతే మామూలు డిఫరెన్షియల్ చేతులెత్తేస్తుంది, కంప్యూటర్ ఆ చక్రానికి బ్రేకేసి సర్దుతుంది. దీంట్లో ఒక చిన్న మోటారు క్లచ్ ప్లేట్లని బిగించి రెండు చక్రాలనీ కలిపి తిప్పుతుంది. శక్తిని బ్రేకులో వేడిగా పోగొట్టకుండా బయటి చక్రానికి పంపుతుందన్నమాట. పైగా నాలుగు చక్రాల డ్రైవ్. 2021 నవంబర్‌లో తిరుపతిలో పడినలాంటి వాన మళ్లీ పడితే దాని విలువ తెలుస్తుంది.

బ్రేకులు: ముందు నాలుగు పిస్టన్ల ఫిక్స్‌డ్ క్యాలిపర్లు (బ్రేక్ డిస్కుని నొక్కి పట్టేవి), నీలం రంగువి. టైర్లు కూడా ముందు ఒక సైజు, వెనక అంతకన్నా వెడల్పు. ఎం అంటే బీఎండబ్ల్యూ స్పోర్ట్స్ కార్ల విభాగం, కానీ 330 మీద "ఎం స్పోర్ట్" అని ఉన్నది బంపర్లు, స్టీరింగు, స్టిక్కర్ల వరకే.

నగరి_నైట్
374 కాదు బ్రో, 387.

మొగిలి_మలుపు
వచ్చాడయ్యా స్టిక్కర్ల లెక్క చెప్పేవాడు. నాది 330ఎల్ఐ. పోయిన సంక్రాంతికి ఒక దాబా దగ్గర నలుగురు కార్లవాళ్లం కలిశాం. నా బండి చుట్టూ ఒకసారి తిరిగి "ఓ, ఇది ఎం స్పోర్టేనా" అన్నాడొకాయన. "ఏ"ని ఎంత సాగదీశాడంటే, నా డబ్బుతో నేను కొనుక్కున్న కారుకి నేనే సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

అలిపిరి గారూ, ఆ లెక్కన మీదీ అసలు ఎం కాదు. అసలు ఎం అంటే ఎం3. దాంట్లో ఇంజిన్ మీ బీ58 కాదు, ఎస్58. 2021లో వచ్చిన కాంపిటిషన్ మోడల్‌కి 510 హార్స్‌పవర్, 650 ఎన్ఎం. ముందు బ్రేకులకి ఆరు పిస్టన్లు. బాడీ కింద అదనపు బిగింపులు, చక్రాల మధ్య వెడల్పు కూడా ఎక్కువ. మీది నాకూ దానికీ మధ్యలో ఉంది. మధ్యలో ఉన్నవాడు పైవాడి గురించి మాట్లాడకుండా కిందవాడిని ఎగతాళి చేస్తాడు.

ఇక కొండ సంగతి. దిగే దారిలో కార్లకి కనీసం 40 నిమిషాలు పెట్టారు, ఎక్కేదారిలో 28. అంతకన్నా ముందే గేటు దగ్గర తేలితే ఫైన్ కట్టాలి. దిగేది 1944లో వేసిన పాత ఘాట్, సుమారు 19 కిలోమీటర్లు. లెక్కేసుకోండి, గంటకి 30 కూడా పడదు. ఆ వేగంలో మీ డిఫరెన్షియల్ ఏం పీకుతుంది?

అలిపిరి_గాలి
నేను కొండ రోడ్డు గురించి అన్నానా? ఇరుసు ఎట్లా పనిచేస్తుందో చెప్పాను. మీరు దాబాకి తీసుకుపోయారు.

@నగరి_నైట్: 2021లో ఇక్కడ లాంచ్ చేసినప్పుడు 387 అనే ప్రకటించారు. 2022లో మోడల్‌కి మెరుగులు దిద్దిన ఫేస్‌లిఫ్ట్ నుంచి 374. టార్కు మారలేదు, 4.4 సెకన్లూ మారలేదు. ఈ ఒక్క అంకె మీద ఇంకో పేజీ నడపొద్దు.

నగరి_నైట్
అంటే 13 తగ్గించి అదే టైమ్ ఎట్లా చెప్తారు? ఏదో ఒకటి అబద్ధం.

పుత్తూరుకట్టు
ఏదైనా తీసుకోండి నాయనా. మీరిట్లాగే నడుపుతూ ఉంటే మా ఊళ్లో కట్టు కట్టేవాళ్లకి గిరాకీ తగ్గదు.

గ్యారేజ్_కరకంబాడి
కార్ల కింద పడుకునేవాడిగా రెండు ముక్కలు.

తిరుపతికీ తిరుమలకీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. ఆ ఎత్తు దిగేటప్పుడు కారు పోగేసుకునే శక్తి ఎంతంటే, 100 వేగంలో ఉన్న కారుని పూర్తిగా ఆపడం సుమారు 18 సార్లు చేసినంత. కారు బరువు ఎంతైనా ఈ 18 మారదు, చిన్న కారుకీ అంతే, మీ 3 సిరీస్‌కీ అంతే. వేగంగా దిగినా, నెమ్మదిగా దిగినా మొత్తం కూడా అంతే. మారేది ఆ వేడి ఎంతసేపట్లో పుడుతుందనేదే. 40 నిమిషాల మీద పరిస్తే మామూలు బ్రేకులు కూడా చల్లారుతూ వస్తాయి, సగం పని తక్కువ గేరులో ఇంజినే చేస్తుంది. రెండు కార్లలోనూ 8 స్పీడ్ ఆటోమేటిక్ ఉంది, మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు పెట్టుకోండి, చాలు. నా దగ్గరికి కమురు వాసనతో వచ్చేవన్నీ గేరుని డీలో (మామూలు ఆటోమేటిక్ డ్రైవ్‌లో) వదిలేసి కొండంతా పెడల్ మీద కాలు పెట్టుకు దిగిన బళ్లే. వాటిలో ఖరీదైన బళ్లే ఎక్కువ.

కాబట్టి కొండ కోసం నాలుగు పిస్టన్లు అక్కర్లేదు. హైవే మీద 120లో వెళ్తుంటే గేదె అడ్డొచ్చిందనుకోండి, అక్కడ పెడల్ మీద నమ్మకం తేడాగానే ఉంటుంది. ఆగే దూరం మాత్రం చివరికి టైరు చేతిలో ఉంటుంది. అరిగిన టైర్ల మీద నీలం క్యాలిపర్ వేసుకుని తిరిగేవాళ్లని చూశాను.

సీటు_వెనక
మామిడి గారు అమ్మానాన్న వెనక కూర్చుంటారని రాశారు. ఇంతవరకూ ఒక్కరూ వెనక సీటు గురించి మాట్లాడలేదు. 330ఎల్ఐ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2961 మిల్లీమీటర్లు, ఎం340ఐది 2851. ఆ 110 మిల్లీమీటర్లూ మోకాళ్ల దగ్గరే వస్తాయి. మా అత్తగారు రెండు కార్లలోనూ కూర్చున్నారు. ఒకదాంట్లో నిద్రపోయారు, రెండోదాంట్లో దారి పొడవునా "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉన్నారు. ఏది ఏదో చెప్పక్కర్లేదు కదా.

మొగిలి_మలుపు
థ్యాంక్స్ అక్కా. ఇదీ హార్డ్‌వేరే. బ్రోచర్లో ఎర్ర అక్షరాలతో వేయరు, అంతే.

అలిపిరి_గాలి
పొడుగు వీల్‌బేస్ తీసుకుని మా వీధి స్పీడ్ బ్రేకర్ల మీదికి రండి, కడుపు గీసుకుంటే అప్పుడు మాట్లాడుకుందాం.

అసలు సంగతికి వద్దాం. మామిడి అన్న తిరిగేది ఘాట్‌లో కాదు, చెన్నై రోడ్డులో. సింగిల్ రోడ్డు వచ్చిన చోట ఇసుక లారీ 50లో పోతుంటుంది. దాన్ని దాటాలి. 500 ఎన్ఎం ఉంటే ఎదుటి లేన్‌లో ఉండే సమయం తగ్గుతుంది. మీరు 100, ఎదుటివాడు 100 అయితే మీ మధ్య దూరం సెకనుకి 55 మీటర్ల చొప్పున కరిగిపోతుంది. ఒక్క సెకను ముందు మన లేన్‌లోకి వచ్చామంటే 55 మీటర్లు మిగిలినట్టు. అది షోకు కాదు, సేఫ్టీ.

మొగిలి_మలుపు
ఇదిగో, ఈ మాట కోసమే చూస్తున్నా. "సేఫ్టీ". ఇంజిన్ పెద్దదైతే సేఫ్టీ. అంటే ఇక చిన్న కార్లవాళ్లంతా చావాలన్నమాట?

అలిపిరి_గాలి
నేనన్నది అది కాదు, మీకు కావాల్సినట్టు చదువుకుంటున్నారు. ఎం స్పోర్ట్ కొని దాబాలో అవమానపడ్డ కోపం నా మీద తీర్చుకోకండి.

మొగిలి_మలుపు
దాబా సంగతి వదిలేయండి. మా బావ సంగతి చెప్తా వినండి. పీలేరు రోడ్డులో వ్యాన్‌లో టమాటా వేసుకుని తన లేన్‌లో తను వస్తున్నాడు. ఎదురుగా లారీ, లారీ వెనక నుంచి ఒక పెద్ద కారు బయటికొచ్చింది. ఏ కంపెనీదో చెప్పను, పవరున్న కారే. దాటేయగలననుకున్నాడు. నిజానికి దాటేశాడు కూడా! ఆ కారుకి గీత పడలేదు. తప్పించడానికి మా బావ వ్యాన్‌ని పక్కకి కోస్తే అది కల్వర్టు ఎక్కి పల్టీ కొట్టింది. ఈరోజుకీ ఆయన ఎడమ కాలు మడవలేడు, కుర్చీలోంచి లేవాలంటే పక్కన ఎవరైనా ఉండాలి. ఆ కారువాడు ఆగలేదు. ఇంటికెళ్లి "మన బండి పికప్ ఏం పికప్పురా" అనే చెప్పుకుని ఉంటాడు.

మీరు 55 మీటర్లు మిగుల్చుకుంటారు. ఆ 55 మీటర్ల నమ్మకంతోనే, మామూలు కారులో అయితే లారీ వెనకే ఆగిపోయే చోట మీరు బయటికొస్తారు. మీ లెక్కలో ఎదుటివాడు ఒక అంకె. నా లెక్కలో మా బావ.

సీటు_వెనక
అయ్యో. ఇప్పుడెలా ఉన్నారండీ?

మొగిలి_మలుపు
వ్యాన్ అమ్మేశాడక్కా. మండీలో లెక్కలు రాస్తున్నాడు.

అలిపిరి_గాలి
మీ బావగారికి జరిగింది ఘోరం. కానీ మీకొక దారుంటే నాకూ ఒకటుంది.

నేను ఇంతకుముందు నడిపింది పాత డీజిల్ కారు. భాకరాపేట ఘాట్ దాటాక, ఎదురుగా రోడ్డు ఖాళీ చూసుకునే లారీని దాటడానికి వెళ్లాను. భార్యా పిల్లా కార్లోనే ఉన్నారు. లారీ పక్కకి వచ్చేసరికి టర్బో అందుకోలేదు, కాలు నేలకి తొక్కినా బండి కదల్లేదు. లారీవాడు తగ్గకపోగా ఇంకా తొక్కాడు. మలుపులోంచి బస్సు వచ్చింది. బస్సు డ్రైవర్ మట్టిలోకి దింపాడు కాబట్టి ఈ పోస్టు రాస్తున్నా. ఆ రోజు నా తప్పేమిటి? రోడ్డు చూశాను, హారన్ కొట్టాను, ఇండికేటర్ వేశాను. బండిలో లేనిది ఒక్కటే, దాన్నే తర్వాత డబ్బు పెట్టి కొనుక్కున్నాను. దానికి నన్ను హంతకుడిలా మాట్లాడితే ఊరుకోను.

మొగిలి_మలుపు
హంతకుడు అని నేననలేదు. మీకు పవర్ లేక ప్రమాదం వచ్చింది, మా వాడికి ఎదుటివాడి పవర్ వల్ల వచ్చింది. కానీ మీరు ఆ రోజు దాటకుండా ఆగి ఉంటే రెండూ లేవు.

అలిపిరి_గాలి
ఎంతసేపు ఆగాలి? మదనపల్లె దాకానా?

మొగిలి_మలుపు
అవును. మదనపల్లె దాకా.

పుత్తూరుకట్టు
ఇందాక నేను జోక్ వేయకుండా ఉండాల్సింది. బావగారు త్వరగా కోలుకోవాలి.

గ్యారేజ్_కరకంబాడి
ఇద్దరూ చెప్పేది నిజమే, కానీ ఇద్దరూ డ్రైవర్ గురించి మాట్లాడుతూ దాన్ని వేరియంట్ మీదికి తోస్తున్నారు. మామిడి అన్నా, నువ్వు లారీ వెనక ఆగే మనిషివేనా? అది నీకు తెలుసు, మాకు తెలియదు. ఆగే మనిషివైతే 258 కూడా మిగిలిపోతుంది. ఆగని మనిషివైతే 374 కూడా చాలదు, ఇంకో లారీ దొరుకుతుంది.

ఒక పని మాత్రం చెయ్. ఏ కారులో ఏ డంపర్లు (షాక్ అబ్జార్బర్లు), ఏ టైర్లు, ఏ బ్రేకులు వస్తాయో బుకింగ్ కాగితం మీద రాయించుకో. రెండు కార్లూ చెన్నై దగ్గరి ప్లాంటులోనే బిగిస్తారు, కానీ ఎక్విప్‌మెంట్ లిస్టు ఏడాదికొకసారి మారిపోతుంది. నోటి మాటగా "అన్నీ ఉన్నాయి సార్" అన్నవాడు డెలివరీ రోజు సెలవులో ఉంటాడు. నా కస్టమర్‌కి ఒక షోరూంలో సరిగ్గా ఇదే జరిగింది.

నగరి_నైట్
387 గురించి ఎవరూ జవాబు చెప్పలేదు.

మామిడి_మండీ
అందరికీ థ్యాంక్స్. మొగిలి అన్నా, మీ బావగారి గురించి చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. ఒక సంగతి మొదటే చెప్పాల్సింది. కారు నడిపేది నేను, డబ్బు నాన్నది. ఆయన 330 అంటున్నారు, నేను 340 అంటున్నాను. ఈ చర్చ చూపించి ఆయన్ని ఒప్పిద్దామనే ఇక్కడ అడిగాను. ఇప్పుడు ఇది చూపిస్తే 340 సంగతి దేవుడెరుగు, నా చేతికి తాళమే ఇవ్వరు.

అలిపిరి_గాలి
నా మొదటి పోస్టు వరకే చూపించండి.

మొగిలి_మలుపు
మొత్తం చూపించు తమ్ముడూ.