మైక్ హాథార్న్‌ను ఇప్పుడు ఏ దృష్టితో చూడాలి?

ప్రశ్న:
బో టై కట్టుకుని రేసు కారు నడిపే మైక్ హాథార్న్ చిన్నతనంలో నాకు ఆరాధ్యుడు. 1958లో ఫెరారీ తరఫున ఫార్ములా వన్ ప్రపంచ విజేతగా నిలిచిన తొలి బ్రిటిష్ డ్రైవరు ఆయనే. అయితే 1955 జూన్ 11న ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల కార్ల రేసులో జరిగిన దుర్ఘటన గురించి వివరంగా చదివాక ఆ అభిమానం సడలిపోయింది. లాన్స్ మాక్లిన్ నడుపుతున్న ఆస్టిన్ హీలీని దాటీ దాటగానే హాథార్న్ తన జాగ్వార్‌ను పిట్ (రేసు మధ్యలో ఇంధనానికీ మరమ్మతులకూ ఆగే చోటు) వైపు మళ్లించి బ్రేకు వేశారు. దాన్ని తప్పించబోయి మాక్లిన్ పక్కకు జరగగా, వెనుక నుంచి దూసుకొస్తున్న పియర్ లెవెగ్ మెర్సిడెస్ ఆ కారు మీదుగా ఎగిరి మట్టికట్టను ఢీకొంది. దాని ఇంజను, ముందు ఇరుసు ఊడి జనంలోకి దూసుకెళ్లాయి. లెవెగ్‌తో పాటు 80 మందికి పైగా ప్రేక్షకులు మరణించారు. ఇంత జరిగాక కూడా హాథార్న్‌ను వీరుడనడం సబబేనా?

జవాబు:
దూకుడు మాట ఎలా ఉన్నా, అంతమంది చావును ఒక్కరి ఖాతాలో వేయడం న్యాయం కాదు. పిట్‌లకూ ట్రాక్‌కూ మధ్య గోడ లేదు, ఆగవలసిన కారు వేగం తగ్గించుకునేందుకు వేరే దారీ లేదు, ప్రేక్షకులకు అడ్డుగా ఉన్నది ఆ మట్టికట్ట ఒక్కటే. మెర్సిడెస్ బాడీ మెగ్నీషియం మిశ్రమలోహంతో చేసినది కావడం వల్ల మంటలను ఆర్పడం మరీ కష్టమైంది. విచారణ సైతం డ్రైవర్లలో ఎవరినీ దోషిగా తేల్చలేదు.

మరో జవాబు:
పై మాటలు ఒప్పుకుంటూనే ఒక విషయం గుర్తుచేస్తాను. అంత గట్టిగా బ్రేకు వేసినా హాథార్న్ తన పిట్ దగ్గర ఆగలేక, దాన్ని దాటిపోయి, మరో ల్యాప్ తిరిగి రావలసి వచ్చింది. ఆ ఓవర్‌టేక్‌కు అక్కడ చోటే లేదని నా అభిప్రాయం. మాక్లిన్ వెనుకే కాస్త ఓపిక పట్టి ఉంటే సరిపోయేది. మెర్సిడెస్ డ్రైవరు ఫాంజియోతో అప్పటిదాకా హోరాహోరీగా తలపడుతున్న మనిషికి ఆ ఓపిక లేకపోయింది.

రాత్రి మెర్సిడెస్ జట్టు ముందంజలో ఉండి కూడా రేసు నుంచి తప్పుకోగా జాగ్వార్ తప్పుకోలేదు, చివరికి గెలిచింది. అది జట్టు నిర్ణయం కనుక దానికి ఆయనను నిందించను. తప్పంతా తనదేనని హాథార్న్ ఆ రోజు తన దగ్గర కుమిలిపోయారని మాక్లిన్ చెప్పారు. 1958లో వచ్చిన ఆత్మకథలో మాత్రం హాథార్న్ ఆ బాధ్యతను తోసిపుచ్చారు. నాకు మింగుడుపడనిది ఇదే.

ప్రశ్న అడిగినవారు:
అదే 1958లో పోర్చుగల్ రేసులో హాథార్న్‌పై పడిన అనర్హత వేటు తొలగేలా సాక్ష్యం చెప్పింది ఆయన ప్రత్యర్థి స్టిర్లింగ్ మాస్. ఆఖరికి ఒక్క పాయింటు తేడాతో టైటిల్ మాస్ చేజారింది. తాను అందుకున్న ఆ పెద్దమనిషితనాన్ని హాథార్న్ మాక్లిన్ పట్ల చూపలేకపోయారు. ఆ తరం వీరుడెవరని అడిగితే ఇకపై నేను మాస్ పేరే చెబుతాను. ఇంతకీ ఆ ఆత్మకథపై మాక్లిన్ వేసిన పరువునష్టం దావా ఏమైంది?

మొదటి జవాబు ఇచ్చినవారు:
అది తేలనేలేదండీ. 1959 జనవరి 22న ఇంగ్లండ్‌లో తడిసిన గిల్డ్‌ఫర్డ్ బైపాస్ రోడ్డు మీద, తెలిసినవారైన రాబ్ వాకర్ నడుపుతున్న మెర్సిడెస్‌ను దాటిన కాసేపటికే హాథార్న్ జాగ్వార్ అదుపుతప్పింది. అప్పటికే రేసుల నుంచి విరమించుకున్న ఆయన 29 ఏళ్ల వయసులో అక్కడే మరణించడంతో దావా అలాగే ఆగిపోయింది. లె మాన్ విషయంలో ఆయనను వెనకేసుకొచ్చాను గానీ, అందరూ తిరిగే రోడ్డు మీద చూపిన ఆ దూకుడును మాత్రం నేనూ సమర్థించలేను.