కథ కోసం ఒక మతం కల్పించాను, దేవుళ్లు అతకడం లేదు

గుణుపురం గుంటడు:
అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాబట్టి అక్షరదోషాలుంటే సర్దుకోండి. నేనొక పెద్ద కథ రాస్తున్నా. కొండల మధ్య ఏడేరు అని ఒక దేశం, అది నా బుర్రలో తప్ప ఎక్కడా లేదు. ఆ జనానికి ఒక మతం కావాలి. పురాణాల్లోంచి గానీ, ఇక్కడి కొండల్లో ఉండే గిరిజనులు సవరల దగ్గర్నుంచి, కోందుల దగ్గర్నుంచి గానీ ఎత్తి పెట్టుకోవడం నాకిష్టం లేదు, పక్కూరివాళ్లు రోజూ మొక్కే దేవుళ్లతో నేను ఆటలాడితే బాగోదు కదా. అందుకే సొంతంగా కల్పించా.

అగ్గిరేడు: నిప్పు, యుద్ధం. జడివాన తల్లి: వాన, పంట. గాలిదొర: ప్రయాణం, వర్తకం. చీకటయ్య: చావు. వీళ్లందరినీ పుట్టించినది తొలివెలుగు. నాలుగు గుళ్లు, ఏడాదికి నాలుగు పండగలు, నాలుగు రంగుల బట్టల్లో పూజారులు. ఇంకా వాకిటి ముసలి అని ఒకావిడ ఉంది, గుడీ గోపురం ఏమీ లేదు, గడప మీద కూర్చుని బయటికెళ్లేవాళ్లని మళ్లీ ఎప్పుడొస్తావని అడుగుతుంది, చెప్పకుండా పోతే అలుగుతుంది. కథలో ఆవిడకి పెద్దగా పని లేదు.

40 పేజీలు రాశాక మొదట్నుంచి చదువుకుంటే ఒక్కడూ దేవుణ్ణి నమ్ముతున్నట్టు లేదు. పాత్రలు గుడికెళ్తున్నాయి, దణ్ణం పెడుతున్నాయి, వచ్చేస్తున్నాయి. ఎక్కడ తప్పు చేశానో తెలీక టెన్షన్‌గా ఉంది.

బరంపురం బుల్లెమ్మ:
తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. నువ్వు మంత్రివర్గం వేసి శాఖలు పంచావు. గాలిదొరకి వాణిజ్యశాఖ, రవాణా అదనపు బాధ్యత! మా ఊళ్లో బుఢీ ఠాకురాణి ఉంది, రెండేళ్లకోసారి చైత్రంలో యాత్ర. ఆవిడ దేనికి దేవత అని మా అమ్మనడిగితే "దేనికేటి, మనింటి ఆడపిల్ల" అంటుంది. ఎందుకంటే యాత్రకి ఆవిడ గుళ్లోంచి పుట్టింటికొస్తుంది, ఆ పుట్టిల్లు నేతపనివాళ్ల కులపెద్ద దేశిబెహరా ఇల్లు. ఉన్నన్నాళ్లూ రాత్రిళ్లు ఘటాలెత్తుకుని ఊరేగింపు, మొక్కుకున్నవాళ్లు పులివేషం దగ్గర్నుంచి ఏదో ఒక వేషం కట్టడం, ఆఖర్న మళ్లీ గుడికి సాగనంపడం. చిన్నప్పుడు ఆ సాగనంపే రోజు నేను ఏడ్చేదాన్ని, పక్కింటి అక్క అత్తారింటికి వెళ్తున్నట్టే ఉండేది. ఆవిడ సృష్టి ఎలా చేసిందో మాకెవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు కూడా. నీ పోస్టులో ఊపిరున్నది వాకిటి ముసలి ఒక్కదానికే, ఆవిడకేమో పని లేదన్నావు.

కొండగాలి:
శాఖలుంటే తప్పేముంది అక్కా? మనకీ అగ్ని, వరుణుడు, వాయువు ఉన్నారు, అష్టదిక్పాలకులకి దిక్కులు కూడా పంచేశాం. గుంటడూ, దేవుళ్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒకటి చెప్పు. నీ 40 పేజీల్లో ఎవడైనా దేవుడికి జడిసి ఒక పని మానుకున్నాడా? నియంగిరి నీకు దూరమేం కాదు. డోంగ్రియా కోందులకి ఆ కొండ నియమరాజాది, శిఖరం మీద చెట్టు కొట్టరు. 2013లో సుప్రీంకోర్టు బాక్సైట్ గని సంగతి గ్రామసభలకే వదిలేస్తే, 12 ఊళ్లలో సభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి. కొండ మా దేవుడిదని అధికారుల ముందు నిలబడి చెప్పారు. నీ ఏడేరులో అలా ఒక్క చెట్టయినా కొట్టకుండా మిగిలిందా?

బరంపురం బుల్లెమ్మ:
చెట్టు మాట ఒప్పుకుంటా. కానీ మనకి అగ్ని ఏ దిక్కుకి అధిపతో తెలిసిందెప్పుడు? పెళ్లిలో చుట్టూ తిరగడం చూసిన ఎన్నో ఏళ్లకి.

పర్లాకిమిడి పాతపంతులు:
ఆలస్యంగా చూశాను. బాబూ, అరువు తెచ్చుకోకూడదన్న నీ పట్టుదల నచ్చింది, అయితే చూడను కూడా చూడనంటే నష్టపోతావు. మా ఊరి బళ్లో పంతులుగా ఉంటూనే గిడుగు రామమూర్తిగారు సవర నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. సవరల పాత పద్ధతిలో చనిపోయినవాళ్లు పూజారిణి నోట మాట్లాడతారు. బతికున్నవాళ్లు ఊరికే వినరు, వాదిస్తారు, నిష్ఠూరాలాడతారు, ఏడుస్తారు, బాకీల గురించి కూడా అడుగుతారు. గోడ మీద బొమ్మ గీస్తే అది అలంకారం కాదు, వచ్చే పితరులు ఉండటానికి ఇల్లు. ఇప్పుడు చాలామంది క్రైస్తవులయ్యారు, ఆ సంభాషణలు తగ్గిపోయాయి. ఇంకోటి, మీ గుణుపురం వైపు కొండల్లోనే 1936లో మంగయి గొమాంగో అనే ఆయన సవరకి లిపి చేశాడు. 24 అక్షరాలు, ఒక్కో అక్షరం ఒక్కో దేవత పేరు మీద. ఆ అక్షరాలనే కొలిచేవాళ్లున్నారు. అంటే ఒక మనిషి కూర్చుని తయారుచేసినదానికీ జనం దణ్ణం పెడతారు, అందులో వాళ్లకి కావలసింది ఏదో ఉండాలి, అంతే.

నాదొక ప్రశ్న. అగ్గిరేడు ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలుస్తూనే ఉంది, వీడియో గేముల్లోంచి. ఆ ముసలి ఎక్కణ్ణుంచి వచ్చింది?

గుణుపురం గుంటడు:
పంతులుగారూ, దొరికిపోయాను. ముసలి మా నాయనమ్మ. గడప దాటేటప్పుడు "వెళ్తున్నా" అంటే వీపు మీద ఒకటి వేసేది, "వెళ్లొస్తా" అనాలి. మా చిన్నాన్న ఎవరితోనో గొడవపడి "వెళ్తున్నా" అని సూరత్ మిల్లుకి పోయాడు, మూడేళ్లు రాలేదు. ఆవిడ రోజూ సాయంత్రం గడప మీదే కూర్చునేది, దీపం పెట్టినా లోపలికొచ్చేది కాదు.

రాత్రంతా ఆలోచించి ఇలా మార్చాను. ఏడేరులో ఎవరు బయటికెళ్లినా ముసలికి మాటిచ్చి వెళ్లాలి. ఆవిడ ఆ మాటని కొంగుకి ముడేస్తుంది. వాడు తిరిగొచ్చి గడప మీద కాళ్లు కడుక్కుంటే ముడి విప్పుతుంది. ముడి ఉన్నంతకాలం చీకటయ్య వాణ్ణి ముట్టుకోలేడు. అందుకే అక్కడివాళ్లు ఉత్త చేతులతో ఊరు దాటుతారు గానీ మాటివ్వకుండా దాటరు. వ్యాపారానికెళ్లే బిడారు మొత్తం వెనక్కి తిరిగొచ్చేస్తుంది, ఒకడు చెప్పడం మర్చిపోతే.

కొండగాలి:
ఆగాగు. ముడి ఉంటే చావడు, ఇంటికొస్తేనే ముడి విప్పుతారు. అయితే ఇంటికి రానంతకాలం వాడికి చావు లేదన్నమాట. ముదిరిన వెధవ ఎవడైనా మాటిచ్చి వెళ్లి, కావాలనే రాకుండా ఉంటే? వందేళ్లు, రెండొందలేళ్లు?

పర్లాకిమిడి పాతపంతులు:
వాడి తల్లి కూడా చావలేదనుకో, గడప మీద ఎదురుచూస్తూ.

గుణుపురం గుంటడు:
అయ్యబాబోయ్. ఇదే కథ. ఆ 40 పేజీలూ చించేస్తున్నా, అగ్గిరేడు, గాలిదొర అంతా అవుట్.

బరంపురం బుల్లెమ్మ:
అగ్గిరేడుని తీసెయ్యకు పాపం. వంటింట్లో పెట్టు. ఆ తల్లి రోజూ పొయ్యి ఆరనివ్వదుగా.