కారు అమ్మి నాలుగు నెలలైనా ఆర్‌సీ నా పేరు మీదే ఉంది

ప్రశ్న:
నాలుగు నెలల క్రితం నా కారును ఒక మధ్యవర్తి ద్వారా అమ్మాను. యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, ఫారం 30లలో కొన్నవారి పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉండగానే నా చేత సంతకాలు పెట్టించుకుని, పేరు మార్పిడి సంగతి తామే చూసుకుంటామన్నారు. నిన్న అతివేగానికి విధించిన చలాన్ నా ఫోనుకు వచ్చింది. ఫొటోలో ఉన్నది నా కారే. వెనుక అద్దం మీద మా అబ్బాయి అంటించిన స్టిక్కరు కూడా అలాగే ఉంది. డబ్బు పూర్తిగా ముట్టినా చట్టం దృష్టిలో ఇంకా నేనే యజమానినా?

సమాధానం 1:
మీరేనండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 2(30) ప్రకారం వాహనం ఎవరి పేరిట రిజిస్టరై ఉందో వారే యజమాని. కారు ఎన్నో చేతులు మారినా రికార్డులో పేరు మారని ఒక కేసులో, ప్రమాద పరిహారానికి రిజిస్టరైన యజమానే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి చలాన్ చిన్న విషయం, ప్రమాదం జరిగితే వచ్చే చిక్కే పెద్దది. సెక్షన్ 50 ప్రకారం, కారు రిజిస్టరైన రాష్ట్రంలోనే అమ్మితే, అమ్మినవారు 14 రోజుల్లోగా, కొన్నవారు 30 రోజుల్లోగా బదిలీ సంగతి రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. గడువు దాటినా, మీ వంతు సమాచారం ఇవ్వడానికి ఇంకొకరి కోసం ఆగకండి.

సమాధానం 2:
నాకూ ఇదే జరిగింది. ఛాసిస్ నంబరు, అమ్మిన తేదీ రాసిన ఉత్తరానికి డెలివరీ నోట్ (కారు అప్పగించినట్టు రాసుకున్న కాగితం) నకలు జతచేసి రవాణా కార్యాలయంలో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకున్నాను. నోట్‌లో తాళాలు అప్పగించిన గంట, నిమిషం కూడా ఉండడం తరువాత వచ్చిన చలాన్ విషయంలో అక్కరకొచ్చింది.

సమాధానం 3:
ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోండి. సెక్షన్ 157 వల్ల మూడో వ్యక్తికి జరిగే నష్టానికి సంబంధించిన రక్షణ కారుతో పాటు కొత్త యజమానికి వెళ్తుంది గానీ, కారుకు జరిగే నష్టానికి ఉన్న రక్షణ పాలసీలో పేరు మార్పించుకుంటేనే దక్కుతుంది. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దక్కే తగ్గింపు) మాత్రం మీదే. దాన్ని కొత్త కారుకు వాడుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
డెలివరీ నోట్ దొరికింది, కానీ కొన్నవారి స్థానంలో మధ్యవర్తి సంతకమే ఉంది.

సమాధానం 1:
అలాగైతే ఉత్తరంలో కారు అప్పగించింది ఆయనకేనని రాయండి. నోట్‌లో లేని కొనుగోలుదారు పేరును ఊహించి రాయవద్దు.